ఆటకని రెండు బిందెలు

హగరి ఏరు పొంగి మా ఊరి దారిలోని వంతెన కొట్టుకుపోయిన సంవత్సరం ఉందే, దాని తర్వాత వచ్చిన రెండో ఎండాకాలంలో జరిగింది ఇది. ఆ వరదప్పుడు ఊరంతా ఏటి గట్టున నిలబడి టెంకాయలు కొట్టారు. గంగమ్మ వచ్చింది, ఇక మనకు కరువు లేదన్నారు. గంగమ్మ వచ్చినంత వేగంగానే పోయింది. పోతూ మోకాటి లోతు ఇసుక పెట్టి పోయింది. ఆ ఇసుకను ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి. రెండో ఎండాకాలానికి ఊరి బోరు మళ్ళీ గాలి కక్కడం మొదలుపెట్టింది.

నా పేరు కుళ్ళాయప్ప. మా ఊళ్ళో నీళ్ళు వదిలేది నేనే. మా తాతా మా నాయనా చెరువుకు నీరుగంట్లు. తూము ఎత్తి, చెరువు నీళ్ళను మడి మడికీ వంతు ప్రకారం పారించే పని వాళ్ళది. ఇప్పుడు చెరువు లేదు, అందులో కంపచెట్లున్నాయి. పంచాయతీ వాళ్ళు ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టించినప్పుడు, నీరుగంటి కొడుకు కదా అని వాల్వు తిప్పే ఇనప రాడ్డు నా చేతికిచ్చారు. నేను బడికి పోయింది మూడో తరగతి దాకే. అయినా వంతు మటుకు తప్పను. రెండు రోజులు విడిచి ఒక రోజు నీళ్ళు. ఇంటికి ఇన్ని బిందెలంటే అన్నే. సర్పంచు ఇల్లయినా అంతే, మా ఇల్లయినా అంతే. మాట్లాడేవాడికి మొహమాటం ఉంటుంది. అందుకే నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడను.

మా కోడలు హేమావతి ఊళ్ళో అంగన్వాడీ టీచరు. నా కొడుకు మారుతి బళ్ళారి లారీ మీద పోతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. నాలుగేళ్ళ మనవరాలు నందిని తల్లి వెంట ఆ సెంటరుకే పోతుంది.

శివరాత్రి అయిపోయాక ఒక మధ్యాహ్నం హేమావతి గుమ్మఘట్టలో మీటింగుకు పోయి వచ్చింది. చంకన నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఉంది. దాన్ని అరుగు మీద పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుని, "మామా, సెంటరుకు ఇసక కావాల" అంది.

"ఎందుకు?"

"ఆడుకోనీకి. చిన్నపిల్లోల్లు ఇసకలో, నీళ్ళలో చేతులు పెట్టి ఆడుకోవాలంట. పిసకల్ల, పొయ్యల్ల, నింపల్ల. అట్లయితేనే వేళ్ళకు బలమొస్తాదంట, బుద్ధి పెరుగుతాదంట. రేపు బలపం పట్టుకునేది దీన్నుంచేనంట."

మేము హగరి ఇసుకలో చెలమలు తవ్వుకుంటూ పెరిగాం. చేతులతో గుంత తవ్వితే అడుగున నీళ్ళు ఊరేవి. దోసిళ్ళతో తాగేవాళ్ళం, ఒకరి మీద ఒకరం పోసుకునేవాళ్ళం. దానికి మాకెవరూ మీటింగు పెట్టలేదు.

మారుతి ఇంటికి వచ్చినప్పుడు నాలుగు గోతాల ఇసుక తెచ్చి సెంటరు వరండాలో పోశాడు. ముళ్ళూ గాజుపెంకులూ పిల్లల చేతులకు గుచ్చుకుంటాయని, చెనిక్కాయల జల్లెడ పట్టుకుపోయి నేనే అంతా జల్లించాను. నన్నెవరూ అడగలేదు. నడుము పట్టుకుపోయింది. ఇసుక మటుకు రవ్వలాగా తయారైంది.

ఇసుక అయిపోయింది, ఇక నీళ్ళు అన్నట్టు ఆ సాయంత్రం హేమావతి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"తొట్టికి రెండు బిందెలు మామా. వారానికోసారి మారిస్తే చాలు."

"లేవు."

"సెంటరు కొళాయి రోంతసేపు ఎక్కువ వదిలితే..."

"అవి వంటకు."

"వంటకు పోనూ..."

"వంటకే."

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "ఇసకకైతే నడుము వంచి జల్లించినావు. నీళ్ళకాడికొచ్చేసరికి నువ్వు నాకు మామవు కావు."

"కాను" అన్నాను.

ఇసుకకు వరుస లేదమ్మా, నీళ్ళకు ఉంది అని ఒక మాట చెప్పి ఉండొచ్చు. నాకు అంత మాట చప్పున రాదు.

మళ్ళీ నీళ్ళ రోజు వచ్చింది. వాల్వు కట్టేసి నేను ఇంటికి వచ్చేసరికి హేమావతి మా ఇంటి బిందెల్లోంచి ఒకటి చంకన, ఒకటి నెత్తిన పెట్టుకుని గడప దాటుతోంది.

"యాడికి?"

"సెంటరుకు."

"మనకు?"

"సర్దుకుందాం. మన వంతే కదా మామా? పోయినేడు రంగన్న తాగే నీళ్ళతో కొత్త గోడ తడుపుకుంటాంటే ఊరంతా నీ మీదికొచ్చినారు. అప్పుడు నువ్వేమన్నావు? వాని వంతు వాని ఇష్టం అనలేదా? ఇది నా వంతు. నా ఇష్టం."

నిజమే, అన్నాను. రంగన్న మా వార్డు మెంబరు. వాడి గోడ సంగతి నా మాటతోనే సద్దుమణిగింది. ఇప్పుడు ఆ మాట నా కోడలు నా నోటికే అడ్డం పెట్టి పోయింది. నందిని తల్లి వెనకాలే, కింద పడిన చుక్కలను చూసుకుంటూ నడిచింది.

ఇంట్లో నీళ్ళు తగ్గాయి. పాడి ఎనుముకు కడుగు నీళ్ళతో సరిపెట్టాల్సి వచ్చింది. నేను స్నానం మానేసి తడి తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకునేవాణ్ణి. హేమావతి సంగటి ముద్ద తట్టలో వేసి నా ముందు పెట్టి పోయేది. నంజుకోను ఊరుబిండి చాలిందా లేదా అని కూడా అడగడం మానేసింది. నేనూ అడగలేదు. మా ఇంట్లో మాటలు ముందే తక్కువ. ఉన్నవీ ఆ తొట్టిలో మునిగాయి.

ఊరు ఊరుకుంటుందా? మాకు ఎదురింటి తిప్పమ్మది కన్నడం పక్క పుట్టిల్లు. ఆమె గొంతు ట్యాంకు పైదాకా వినబడుతుంది. నేను రాడ్డు పట్టుకుని పోతుంటే కొళాయి దగ్గర నుంచి కేకేసింది.

"ఏనప్పా కుళ్ళాయప్పా! మీ ఇంట్ల నీళ్ళు ఎక్కువైనాయంటనే? మట్టికి తాపుతాండారంట!"

ఆడవాళ్ళు నవ్వారు. వెనక నుంచి నాగలక్ష్మమ్మ అందుకుంది. "తాపనీలేక్కా. ఆ మట్టి ఈనితే మనకూ ఒక దూడనిస్తారు."

మళ్ళీ నవ్వులు. అదీ నేను పట్టించుకోకపోదును. కానీ తిప్పమ్మ గొంతు తగ్గించి, నాకు వినబడేట్టుగానే ఇంకో మాట అంది.

"ఆ వీధికి వాల్వు రోంత ఎక్కువసేపు తిరక్కపోతే, ఆటకని నీళ్ళు యాడ మిగుల్తాయమ్మా?"

ఆ మాట నా ఒంట్లో ముల్లులాగా దిగింది. ఇన్నేళ్ళలో నన్ను మొండి అన్నారు, మూగోడు అన్నారు, రాయి అన్నారు. దొంగ అని ఎవరూ అనలేదు. పోయి మా వీధి వాల్వును మామూలు కంటే ముందే కట్టేశాను. ఇప్పుడు అనండి అనుకున్నాను.

ఏమయింది? మా వీధి వాళ్ళంతా ఖాళీ బిందెలతో మా ఇంటి ముందుకు వచ్చారు. "నీ కోడలితో నీకు తగువుంటే ఇంట్లో చూసుకోవల్ల! మా గొంతులు ఎండబెట్టేదేమి?" అని అరిచారు. మా ఇంటికీ ఆ రోజు ఒక బిందె తక్కువే వచ్చింది. అయినా హేమావతి రెండు బిందెలు ఎత్తుకుని సెంటరుకు పోయింది. నేను అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించాను.

ఉగాది కూడా అట్లాగే గడిచింది. ఎండలు ముదిరాయి. ఒక పొద్దున రంగన్న బండి మీద వచ్చి, దిగకుండానే మాట్లాడాడు.

"అన్నా, ఊర్లో మాట బాగలేదు. ఎండాకాలమయ్యేదంకా ఆ తొట్టి బోర్లించమని చెప్పు."

"నువ్వే చెప్పు."

"నేను చెప్తే యాడ వింటాది? పైనోళ్ళ ఆర్డరంటాది. నువ్వు సెంటరు కొళాయి ఒక తూరి కట్టేసి చూడు. తనంతట తనే దారికొస్తాది."

"పిల్లోల్లకు వంట?"

"ఒక పూటకు ఏమీ కాదులేన్నా. నీ మీద మాట పడుతాండాదని చెప్తాండా. దొంగ నీళ్ళు అంటాండారు."

వాడు పోయాక నేను లేచాను. పిల్లల వంట నీళ్ళు కట్టేయడం నా వల్ల కాదు. తొట్టి బోర్లించడం అవుతుంది. నేనే పోయి బోర్లిస్తే ఊరి నోరూ మూతపడుతుంది, మా ఇల్లూ ఒక దారికొస్తుంది. ఆ పని మీదే సెంటరుకు పోయాను. ఇసుక జల్లించిన తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదటిసారి.

వరండాలో పిల్లలు ఆడుతున్నారు. గోల లేదు. దూరం నుంచి వింటే ఎవరూ లేరనుకుంటారు. నేను స్తంభం పక్కన ఆగాను.

నీలం తొట్టి మధ్యలో ఉంది. దాని ముందు ప్లాస్టిక్ గ్లాసులు, టెంకాయ చిప్పలు, సీసా మూతలు, అన్నీ ఒక వరుసలో పెట్టి ఉన్నాయి. మధ్యలో రెండు చోట్ల గ్లాసు లేదు. ఒకచోట రాయి, ఒకచోట చిన్న చెప్పు ఉన్నాయి. మా ఊరి కొళాయిల దగ్గర మనిషి రాకపోతే వరుసలో రాయి పెడతారు, చెప్పు పెడతారు. ఆ రోజు సెంటరుకు రాని పిల్లలకు వీళ్ళు చోటు ఉంచారు.

తొట్టి పక్కన ఇటుక మీద నా మనవరాలు కూర్చుంది. భుజాన తువ్వాలులాగా ఒక గుడ్డపేలిక, చేతిలో గరిటె. ఒక్కొక్కరు గ్లాసు తెచ్చి ముందు పెడితే, గరిటెను తొట్టి అంచున రాడ్డు తిప్పినట్టు తిప్పి, ఒక గరిటె పోసి, మళ్ళీ తిప్పి కట్టేస్తోంది. మాట లేదు, నవ్వు లేదు. పెదాలు బిగించి, కళ్ళు చిన్నవి చేసి చూస్తోంది. నా మొహం అట్లా ఉంటుందని నాకు తెలియదు.

పెద్దపిల్లాడు తేజ గ్లాసు చాచి, "ఇంగ రోంత పొయ్యి నందినీ" అన్నాడు.

నందిని తల అడ్డంగా ఊపింది. వాడు ఎదురు చెప్పకుండా పక్కకు పోయాడు.

తిప్పమ్మ మనవడు అభిలాష్‌కు ఇంకా రెండో ఏడు దాటలేదు. వాడు వరుసా గిరుసా లేకుండా నేరుగా తొట్టి మీదికి వచ్చి రెండు చేతులూ చాచాడు. వెంటనే ఇద్దరు పిల్లలు చెరో రెక్కా పట్టుకుని వెనక్కు లాగారు. "వరస! వరస!" అన్నారు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. నందిని చూసింది కానీ గరిటె కదల్చలేదు.

ఆట అయిపోయింది. ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చి నీళ్ళను మళ్ళీ తొట్టిలో పోశారు. తేజ చేతిలోంచి ఒక చుక్క బండ మీద పడింది. వాడు దాన్ని వేలితో అద్ది, ఆ వేలిని తొట్టిలో విదిలించాడు. పక్కనే నేను జల్లించిన ఇసుక కుప్ప ఉంది. పోసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే, పొడిగా.

హేమావతి గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను ఎప్పుడు చూసిందో.

"చూసినావా మామా?" అంది. "ఊరంతా అరుస్తాండారే, నీళ్ళు మట్టిపాలు చేస్తాండానని. ఈ పొద్దు దంకా ఆ ఇసక తడిసింది లేదు. తొట్టి నీళ్ళు ఎండకు తగ్గాల్సిందే కానీ వీళ్ళ చేతిలో తగ్గవు. పొయ్యండ్రా, చల్లుకోండ్రా, ఏమీ అననురా అంటే నా మొగం చూస్తారు. మొన్న నేనే ఒక చెంబుడు ఇసకలో పోసి చూపిస్తే నీ మనవరాలు ఒకటే ఏడుపు."

"ఎందుకు?"

"నేను వరస తప్పినానంట."

నేను నేల చూశాను.

"ఇంట్ల ఎనుము నోరెండబెట్టి, నీకు స్నానం లేకుండా చేసి, ఊరి చేత మాటలు పడి ఈ నీళ్ళు మోస్తాండా. వీళ్ళేమో దాన్ని కాపలా కాస్తాండారు. నాకు చేతకాలేదు మామా. రేపు వచ్చి తొట్టి బోర్లిస్తా. నువ్వే గెలిచినావు పో."

ఆమె ఏడవలేదు. గ్లాసులన్నీ ఒకదాంట్లో ఒకటి గట్టిగా గుచ్చి, బుట్టలో పడేసి లోపలికి పోయింది. నేను వచ్చిన పని ఆమే చేస్తానంది. దాంతో నా మనసు తేలికపడాలి. పడలేదు.

ఆ సాయంత్రం సంగటి తింటూ నందినిని అడిగాను. "అభిలాష్‌కు నీళ్ళెందుకు పోయలేదమ్మా?"

"వరసలో లేడు."

"చిన్నోడు కదా."

"చిన్నోడైతే?" అంది అది. ముద్ద మింగి నా వైపు చూసింది, ఇంకేమైనా ఉందా అన్నట్టు.

హేమావతి పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు.

మరుసటి రోజు నీళ్ళ రోజు. పొద్దున కరెంటు వచ్చి ట్యాంకు నిండేసరికి సెంటరు తెరిచే వేళవుతుంది. అప్పటికే వీధివీధికీ బిందెలు వరుసలో ఉన్నాయి. మా ఇంట్లో బిందెలు పెట్టే దంతె మీద నా స్నానానికని హేమావతి ప్రతిసారీ ఒక బిందె పెడుతుంది. మాటలు మానేసినా అది మానలేదు. నేనే దాన్ని ముట్టకుండా ఇంటి వాడకానికి వదిలేసేవాణ్ణి. ఈసారిది ఇంకా అట్లాగే ఉంది. ఆ బిందెను భుజాన పెట్టుకుని, ఇంకో చేత్తో రాడ్డు పట్టుకుని బయలుదేరాను.

కొళాయి దగ్గర తిప్పమ్మ చూసింది. "వాల్వు ఆ పక్క కదప్పా! ఈ పక్క యాడికి పోతాండావు?"

ఆగలేదు.

పిల్లలు అప్పుడే వస్తున్నారు. నందిని ఇటుక సర్దుకుంటోంది. నేను రాడ్డును స్తంభానికి ఆనించి, ఇసుక కుప్ప ముందు నిలబడి, బిందెను ఎత్తి మొత్తం కుప్ప మీద పోసేశాను. పిల్లలు ఒక్కసారిగా "తప్పు! తప్పు!" అని అరిచారు. ఒకడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఇసుక నీళ్ళను గటగటా తాగి నల్లబడింది. ఎన్నాళ్ళకో ఆ తడి వాసన ముక్కుకు తగిలింది.

నందిని గరిటె పట్టుకుని లేచి నా ముందుకు వచ్చింది.

"తాతా, ఎవరి వంతు అది?"

"నాది."

"అంతా నీదేనా?"

"అంతా."

అది ఆలోచించింది. "అయితే ఎవరూ ఏమీ అనకూడదా?"

"అనకూడదు."

నేను మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో ఇసుకను తవ్వాను. వేళ్ళు మొండివైపోయాయి కానీ పని మర్చిపోలేదు. మోచేతి దాకా పోయేసరికి అడుగు బండ తగిలింది. నాలుగు పక్కల నుంచీ నీళ్ళు మెల్లగా దిగి గుంతలో చేరాయి. చెలమ. పిల్లలు మెడలు సాచి చూశారు. ఒక్కరూ దగ్గరికి రాలేదు. అభిలాష్ మటుకు ఎవరూ పట్టుకునే లోపల వచ్చి, రెండు కాళ్ళూ గుంతలో వేసి దబ్బుమని కూర్చున్నాడు. నీళ్ళు నా మొహాన పడ్డాయి.

ఎవరూ వాణ్ణి లాగలేదు. అందరూ నందిని వైపు చూశారు. అది గరిటెను తెచ్చి నా రాడ్డు పక్కన ఆనించింది. తర్వాత వచ్చి నా చేతి పక్కన తన చెయ్యి పెట్టింది. ముందు ఒక వేలు, తర్వాత మణికట్టు దాకా.

హేమావతి తొట్టి బోర్లించాలని వచ్చి, దాన్ని పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కాసేపటికి ఆ తొట్టిని ఎత్తుకొచ్చి, అందులో ఉన్నదంతా మా గుంతలో వంపేసింది. అప్పుడు లేచింది గోల. ఆ ఎండాకాలంలో సెంటరులో అంత గోల అదే మొదటిసారి.

బయట నా పేరు పెట్టి అరుస్తున్నారు. చివరికి తిప్పమ్మే ఖాళీ బిందె చంకన పెట్టుకుని వరండా మెట్టెక్కింది. బురదలో ఉన్న మనవణ్ణి చూసింది. మోచేతుల దాకా ఇసుకలో ఉన్న నన్ను చూసింది. స్తంభానికి ఆనించిన రాడ్డును చూసింది.

"ఏనప్పా! ఊరంతా ఎండలో నిలబడుకోనుంటే, నువ్వీడ ఏం చేస్తాండావు?"

"ఆడుకుంటాండా" అన్నాను.